చీటీ లేకుండా దొరికే ఉత్తేజక మాత్రల అలవాటు: తగ్గించుకుంటూ బయటపడే పద్ధతి

డాక్టర్ చీటీ అడగకుండా అమ్మే మాత్ర వ్యసనంగా మారుతుందంటే చాలామంది నమ్మరు. సంతకం అక్కర్లేని మందుకు ప్రమాదం కూడా ఉండదనుకుంటారు. అందుకే ఈ అలవాటు ఏళ్ల తరబడి ఎవరి కంటా పడదు. పొద్దున లేవడానికి ఒక మాత్ర, మధ్యాహ్నం కునుకు రాకుండా మరొకటి, సాయంత్రం వ్యాయామానికి ముందు ఒక చెంచా పొడి, రాత్రి తలనొప్పికి రెండు మాత్రలు. వీటన్నిటిలోనూ ఉన్నది ఒకే మందు కావచ్చన్న అనుమానం సాధారణంగా ఎవరికీ రాదు.

ఇక్కడ చెప్పబోయే పద్ధతి అంతా రెండు సూత్రాల మీద నడుస్తుంది. మాత్రలు ఎన్నో కాక మిల్లీగ్రాములు ఎన్నో లెక్కపెట్టాలి. రోజులో చివరి మోతాదును ముందుగా తీసేయాలి, పొద్దుటి మోతాదును అన్నిటికన్నా చివర.

ఏయే మందుల సంగతి ఇది

మొదటిది కెఫీన్. మాత్రగా, ఎనర్జీ డ్రింకుగా, వ్యాయామానికి ముందు తీసుకునే పొడిగా, కొన్ని తలనొప్పి మాత్రల్లో భాగంగా ఇది దొరుకుతుంది. గ్వారానా అనే మొక్క సారం అని రాసి ఉన్నా అందులో ఉన్నది కెఫీనే.

రెండోది ఎఫెడ్రిన్ కుటుంబం. ముక్కుదిబ్బడకు వాడే సూడోఎఫెడ్రిన్, ఆయాసానికి వాడే ఎఫెడ్రిన్ ఈ కోవలోవి. జలుబు తగ్గడానికి మొదలుపెట్టి, ఆ మాత్ర వేసుకున్న రోజున ఒళ్లు తేలికగా, మనసు చురుగ్గా ఉందని గమనించి, జలుబు లేని రోజుల్లోనూ కొనసాగించేవారు ఉంటారు. కొన్ని దేశాల్లో దొరికే ప్రొపైల్‌హెక్సెడ్రిన్ ఇన్‌హేలర్ కూడా ఇలాంటిదే. దాని దుర్వినియోగం వల్ల గుండెకు, మెదడుకు జరుగుతున్న హాని గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2021లో హెచ్చరిక జారీ చేసింది.

మూడోది బరువు తగ్గిస్తామని, కొవ్వు కరిగిస్తామని అమ్మే మాత్రలు. వీటిలో ఏముందో చెప్పడం కష్టం. ఎఫెడ్రా మొక్క నుంచి తీసిన ఎఫెడ్రిన్ ఉన్న ఆహార సప్లిమెంట్లను అమెరికా 2004లోనే నిషేధించింది. వాటి స్థానంలో వచ్చిన సరుకుపై తరచు పదార్థాలన్నీ కలిపి ఒకే మొత్తం బరువు వేస్తారు, దేని వాటా ఎంతో రాయరు. మోతాదు తెలియనిదాన్ని లెక్కప్రకారం తగ్గించడం కుదరదు. ఇలాంటివి వాడుతుంటే డబ్బాతో సహా డాక్టర్ దగ్గరకో ఫార్మసిస్టు దగ్గరకో వెళ్లడమే సరైన పని.

ఇది అలవాటేనా?

ఎన్ని తీసుకుంటున్నారన్నది ఒక్కటే కొలమానం కాదు. తీసుకోని రోజున ఏమవుతుందో చూసుకోండి. మధ్యాహ్నానికల్లా తలనొప్పి, చిరాకు, మబ్బు పట్టినట్లు ఉండటం, మాత్ర వేసుకున్న గంటలోపే అవన్నీ మాయం కావడం. ఇది శరీరం అలవాటు పడిందనడానికి స్పష్టమైన గుర్తు. ఇదివరకు ఒకటితో సరిపోయినచోట ఇప్పుడు రెండు కావలసిరావడం, గుండెదడ వస్తున్నా ఆపలేకపోవడం, బ్యాగులో మాత్రలు లేవని గుర్తుకురాగానే కంగారు పుట్టడం, ఒకే దుకాణంలో కొంటే అడుగుతారని దుకాణాలు మార్చడం కూడా గుర్తులే. చివరిది మీకు వర్తిస్తే సమస్య సంగతి మీకు ఇప్పటికే తెలుసన్నమాట.

మానసిక వైద్యులు ప్రామాణికంగా వాడే డీఎస్ఎం-5 గ్రంథం 2013లో కెఫీన్ మానినప్పుడు వచ్చే బాధలను అధికారికంగా ఒక రుగ్మతగా గుర్తించింది. మనోబలం లేక ఇలా అవుతోందని మిమ్మల్ని మీరు తిట్టుకోనక్కర్లేదు. మెదడులో జరిగే మార్పు అది.

ఆ మార్పు ఇలా జరుగుతుంది. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడినోసిన్ అనే పదార్థం పేరుకుంటూ, తన గ్రాహకాల మీద చేరి నిద్రమత్తు తెప్పిస్తుంది. అడినోసిన్ కూర్చోవలసిన కుర్చీలో కెఫీన్ ముందే వచ్చి కూర్చుంటుంది. అలసట పోదు, అలసిపోయామన్న కబురు మాత్రం అందదు. ఇది రోజూ జరిగితే మెదడు అదనంగా కుర్చీలు వేయిస్తుంది. ఇక కెఫీన్ రాని రోజున అన్ని కుర్చీలూ అడినోసిన్‌వే. అప్పుడు వచ్చే మత్తు, అలవాటు లేని మనిషికి వచ్చే మత్తు కన్నా ఎక్కువ. కాబట్టి చాలాకాలంగా వాడుతున్నవారికి పొద్దుటి మాత్ర ఇచ్చే చురుకుదనంలో ఎక్కువ భాగం, రాత్రంతా మందు అందక వచ్చిన మందకొడితనాన్ని తీర్చడమే. ఈ ఒక్క సంగతి మనసుకు ఎక్కితే సగం పట్టు సడలుతుంది.

ఎఫెడ్రిన్ కుటుంబం దారి వేరు. అవి నరాల చివళ్ల నుంచి నార్‌అడ్రినలిన్ అనే ఉత్తేజపరిచే రసాయనాన్ని బయటకు తోస్తాయి. నిల్వ తరిగేకొద్దీ అదే మోతాదుకు ఫలితం తగ్గుతుంది. జనం మోతాదు పెంచుతారు. చురుకుదనం అంతగా పెరగదు, రక్తపోటు మాత్రం పెరుగుతుంది.

ముందుగా: ఒంటరిగా మొదలుపెట్టకూడనివారు

ఈ భాగాన్ని దాటేయకండి. గుండె జబ్బు, అదుపులో లేని రక్తపోటు, మూర్ఛ, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గర్భిణులు, బైపోలార్ వంటి మానసిక రుగ్మతకు చికిత్స పొందుతున్నవారు డాక్టర్‌తో మాట్లాడిన తరువాతే తగ్గించడం ప్రారంభించాలి. ఎఫెడ్రిన్ లేదా సూడోఎఫెడ్రిన్‌ను పొట్లం మీద రాసిన గరిష్ఠ మోతాదుకు మించి వాడుతున్నవారు కూడా అంతే. మద్యం, నిద్రమాత్రలు కూడా అలవాటై ఉంటే వాటిని హఠాత్తుగా ఆపడం ఉత్తేజకాలను ఆపడం కన్నా ఎంతో ప్రమాదకరం. ఆ విషయం దాచకుండా చెప్పాలి.

బైపోలార్ రుగ్మతకు ఇచ్చే లిథియం వాడేవారికి ప్రత్యేకంగా ఒక మాట. కెఫీన్ లిథియాన్ని మూత్రం ద్వారా త్వరగా బయటకు పంపుతుంది. కెఫీన్ ఒక్కసారిగా మానేస్తే రక్తంలో లిథియం పెరిగి విషమించవచ్చు. స్కిజోఫ్రెనియా వంటి తీవ్ర మానసిక రుగ్మతకు ఇచ్చే క్లోజపిన్ వాడేవారిలో దీనికి వ్యతిరేకంగా జరుగుతుంది, మందు స్థాయి పడిపోవచ్చు. మంచి పని చేస్తున్నామని చెప్పకుండా మానేసి ఆసుపత్రి పాలు కావడం ఇలాంటి చోటే.

ఛాతీలో నొప్పి, గుండె లయ తప్పడం, హఠాత్తుగా భరించలేని తలనొప్పి, చూపు మసకబారడం, ఒకవైపు కాలుచేతుల్లో బలహీనత, మూర్ఛ, లేనివి కనిపించడం, వినిపించడం వీటిలో ఏది వచ్చినా వెంటనే అత్యవసర వైద్యానికి వెళ్లండి. సూడోఎఫెడ్రిన్ వల్ల అరుదుగానైనా మెదడు రక్తనాళాలు దెబ్బతినే పరిస్థితులు తలెత్తుతున్నాయని సమీక్షించి, తీవ్రమైన రక్తపోటు, తీవ్రమైన మూత్రపిండాల జబ్బు ఉన్నవారు దాన్ని వాడకూడదని యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ 2024 మొదట్లో స్పష్టం చేసింది.

వారం రోజుల చిట్టా

మొదటి వారం ఏమీ తగ్గించకండి. రాయండి, అంతే. ఇది చాలామందికి నచ్చదు. నిర్ణయం తీసుకున్న ఉత్సాహంలో ఆ రోజే మాత్రలన్నీ చెత్తబుట్టలో పడేయాలనిపిస్తుంది. రెండో రోజు మధ్యాహ్నం తల పగిలిపోతుంటే మళ్లీ కొత్త పొట్లం కొనుక్కుంటారు. అంతకన్నా వారం ఆలస్యం మేలు.

ప్రతి మోతాదుకూ నాలుగు విషయాలు రాయాలి: ఎన్నింటికి, ఏది, ఎన్ని మిల్లీగ్రాములు, దానికి ముందు ఎలా ఉన్నారు. మిల్లీగ్రాముల కోసం పొట్లం తిప్పి చిన్న అక్షరాలు చదవాలి. కెఫీన్ మాత్రలు సాధారణంగా 100 లేదా 200 మి.గ్రా. ఎనర్జీ డ్రింకుల్లో చాలావాటికి 100 మిల్లీలీటర్లకు 32 మి.గ్రా., అంటే అర లీటరు డబ్బాలో 160. కాఫీ కప్పుకు దాదాపు 95, టీకి దాదాపు సగం. కాఫీ చేసే తీరునుబట్టి ఇది చాలా మారుతుంది.

ఊహించి రాసిన ఒక రోజు చిట్టా ఇది. ఉదయం ఏడింటికి 200 మి.గ్రా. మాత్ర. పదకొండింటికి ఇంకొకటి. నాలుగింటికి అర లీటరు ఎనర్జీ డ్రింకు, 160. ఆరున్నరకు వ్యాయామానికి ముందు ఒక చెంచా పొడి, డబ్బా మీద రాసిన ప్రకారం 200. రాత్రి తొమ్మిదింటికి తలనొప్పి. కెఫీన్ కలిసిన నొప్పి మాత్రలు రెండు, ఒక్కొక్కదానిలో 65 చొప్పున 130. ఎన్ని మాత్రలు వాడతారని అడిగితే ఈ మనిషి "రోజుకు రెండే" అంటాడు. అబద్ధం చెప్పడు కూడా. లెక్కకు వచ్చేది మాత్రం 890 మి.గ్రా. ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 400 మి.గ్రా. వరకు సమస్య ఉండదని యూరోపియన్ ఫుడ్ సేఫ్టీ అథారిటీ 2015లో తేల్చింది. గర్భిణులకు ఆ పరిమితి 200.

చిట్టాలో "దానికి ముందు ఎలా ఉన్నారు" అన్న గడి అన్నిటికన్నా విలువైనది. వారం తరువాత దాన్ని వరుసగా చదవండి. నిద్ర వస్తోంది, విసుగ్గా ఉంది, సమావేశం ఉంది, ఆకలిగా ఉంది, ఏమీ అనిపించలేదు కానీ టైం అయింది. ఒక్కోదానికి విరుగుడు ఒక్కోటి. "టైం అయింది" అని రాసుకున్న మోతాదులు చాలా తేలికగా పోతాయి.

జలుబు మాత్రలు వాడేవారు ఇంకో పద్దు కూడా రాయాలి: పారాసిటమాల్. సూడోఎఫెడ్రిన్ ఒక్కదానిగా కన్నా పారాసిటమాల్‌తోనో ఐబుప్రొఫెన్‌తోనో కలిపి ఎక్కువగా అమ్ముతారు. చురుకుదనం కోసం ఆరు, ఎనిమిది మాత్రలు మింగేవారికి వాటితోపాటు వెళ్లే పారాసిటమాల్ కాలేయాన్ని దెబ్బతీయవచ్చు. రోజుకు 4 గ్రాములు పెద్దలకు గరిష్ఠ పరిమితి. మీరు దాన్ని దాటుతున్నారని తేలితే తగ్గింపు పట్టిక సంగతి తరువాత, ఆ రోజే డాక్టర్‌ను కలిసి రక్తపరీక్ష చేయించుకోండి. కాలేయం దెబ్బతిన్న మొదటి రోజు పెద్దగా లక్షణాలు ఉండకపోవచ్చు.

ఏ లోటును పూడుస్తోంది?

మాత్ర మానేయడం కష్టమయ్యేది మాత్ర వల్లకన్నా, అది పూడుస్తున్న లోటు అలాగే మిగిలిపోవడం వల్ల. చిట్టా పూర్తయ్యాక దీని గురించి ఒక సాయంత్రం నిదానంగా ఆలోచించండి.

అన్నిటికన్నా సామాన్యమైనది నిద్ర చాలకపోవడం. పెద్దలకు ఏడు గంటలకు తక్కువ కాకుండా నిద్ర కావాలి. ఐదు గంటలు పడుకుని మాత్రతో నెట్టుకొస్తున్న మనిషికి కావలసింది ఆ రెండు గంటలు. దానికి వేరే చిట్కా లేదు.

అయితే ఎనిమిది గంటలు పడుకున్నా పగలంతా మత్తుగా ఉండేవారి సంగతి వేరు. గురక పెట్టేవారిలో నిద్రలో ఊపిరి ఆగుతూ ఉండే స్లీప్ అప్నియా ఉండవచ్చు. రక్తహీనత, థైరాయిడ్ లోపం, మానసిక కుంగుబాటు, మధుమేహం కూడా మొదట అలసటగానే బయటపడతాయి. ఏ పనిమీదా మనసు నిలవక చిన్నప్పటి నుంచీ ఇబ్బంది పడుతూ, కెఫీన్ తీసుకుంటేనే కాస్త కుదురుగా ఉంటుందనేవారు ఏడీహెచ్‌డీ ఉందేమో పరీక్ష చేయించుకోవడం మంచిది. తెలియకుండానే తమకు తాము వైద్యం చేసుకుంటున్నవారు వీరిలో ఉంటారు. ఈ కారణాల్లో ఏదైనా ఉంటే దానికి చికిత్స లేకుండా మాత్ర మానిపించడం అన్యాయం. అది నిలవదు కూడా.

ఆకలి చంపుకోవడానికి, బరువు పెరగకుండా ఉండటానికి వాడుతున్నవారు ఆ మాటను డాక్టర్ దగ్గర బయటపెట్టాలి. మానేయగానే ఆకలి తిరిగి వస్తుంది, బరువు కాస్త పెరగవచ్చు. దానికి సిద్ధపడకపోతే రెండో వారంలోనే వెనక్కి వెళ్తారు. తిండి విషయంలో భయం గట్టిగా ఉంటే అది వేరే చికిత్స అవసరమైన సమస్య.

రాత్రి షిఫ్టులవారికి కెఫీన్ పూర్తిగా వదలమని చెప్పడం నాకు సబబుగా తోచదు. షిఫ్టు మొదటి సగంలో ఒక చిన్న మోతాదు, రెండో సగంలో ఏమీ లేకుండా, వీలైతే ఇరవై నిమిషాల కునుకు. పగటి నిద్రకు చీకటి గది. ఇంతవరకు తెచ్చుకోగలిగితే చాలు.

తగ్గింపు పట్టిక

కెఫీన్‌కు వారానికి పది నుంచి ఇరవై ఐదు శాతం చొప్పున తగ్గిస్తే చాలామందికి తట్టుకునేలా ఉంటుంది. సాయంత్రపు మోతాదునే ముందుగా ఎందుకు తీయాలి? కెఫీన్‌లో సగం శరీరం నుంచి పోవడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తీసుకున్న 200లో 100 రాత్రి పదకొండుకీ ఒంట్లో ఉంటుంది. పడుకునే ఆరు గంటల ముందు తీసుకున్న 400 మి.గ్రా. కూడా గంటకు పైగా నిద్రను హరించిందని 2013లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. సాయంత్రపు మోతాదు పోతే నిద్ర బాగుపడుతుంది, నిద్ర బాగుపడితే మర్నాటి పొద్దుటి మోతాదు అవసరం తగ్గుతుంది. పొద్దుటిది ముందు తీసేస్తే ఈ సాయం అందదు, రోజంతా బాధే మిగులుతుంది.

చిట్టా రాసిన వారం అయ్యాక, పై చిట్టాలోని 890ని ఇలా దించవచ్చు.

1వ వారం: కెఫీన్ కలిసిన నొప్పి మాత్రలు పూర్తిగా బంద్, పొడి సగం చెంచా. మొత్తం 660.
2వ వారం: పొడి బంద్. 560.
3వ వారం: ఎనర్జీ డ్రింకు పావు లీటరు. 480.
4వ వారం: ఎనర్జీ డ్రింకు బంద్. 400.
5వ వారం: పదకొండింటి మాత్ర సగం. 300.
6వ వారం: పదకొండింటి మాత్ర బంద్. 200.
7, 8 వారాలు: పొద్దుటి మాత్ర ముప్పావు, అంటే 150.
9, 10 వారాలు: సగం, 100.
11, 12 వారాలు: పావు, 50. ఆ తరువాత ఏమీ లేదు.

చివర్లో ఎందుకంత నెమ్మది అంటే, 660 నుంచి 560కి దిగినప్పుడూ, 100 నుంచి సున్నాకు దిగినప్పుడూ తగ్గేది వంద మిల్లీగ్రాములే. మెదడుకు మాత్రం మొదటిది ఆరో వంతు కోత, రెండోది మొత్తం కోత. రోజుకు వంద మి.గ్రా. అలవాటున్నవారికి సైతం అది ఆగితే విత్‌డ్రాయల్ లక్షణాలు, అంటే మానినప్పటి బాధలు వస్తాయి. "ఇంత దూరం వచ్చాం, ఇంకొక్కటే కదా" అని చివరి మాత్రను ఒక్కరోజులో పీకేసి దెబ్బతినేవారు ఎక్కువ.

ఒక మెట్టు దిగాక మూడు నాలుగు రోజులు ఇబ్బందిగా ఉండటం సహజం. వారం దాటినా పని చేసుకోలేని స్థితి ఉంటే అదే మెట్టు మీద ఇంకో వారం ఆగండి. పైకి మాత్రం ఎక్కకండి.

నెమ్మదిగా విడుదలయ్యే మాత్రలను విరగ్గొట్టకూడదు, నలపకూడదు. మందు అంతా ఒకేసారి వదులుతుంది. అలాంటివి వాడుతుంటే మామూలు మాత్రకు ఎలా మారాలో ఫార్మసిస్టును అడగండి. స్వచ్ఛమైన కెఫీన్ పొడి ఇంట్లో ఉంటే దాన్ని తగ్గింపుకు వాడటం గురించి ఆలోచించనే వద్దు. ఒక టీచెంచా పొడి దాదాపు 28 కప్పుల కాఫీతో సమానమని ఎఫ్‌డీఏ హెచ్చరించింది. 1,200 మి.గ్రా. కెఫీన్ ఒక్కసారిగా ఒంట్లోకి వెళితేనే మూర్ఛ రావచ్చు. కొలతలో చిన్న పొరపాటు ప్రాణం తీస్తుంది.

పట్టిక మొదలుపెట్టిన నెలలోనే సిగరెట్టు కూడా మానేయాలనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి. పొగ తాగేవారి కాలేయం కెఫీన్‌ను వేగంగా విరగ్గొడుతుంది. సిగరెట్టు ఆపితే అదే కప్పు కాఫీ దాదాపు రెండింతలు పనిచేస్తుంది. దడ, నిద్రలేమి వస్తే అవి సిగరెట్టు లేకపోవడం వల్లే అనుకుంటారు. రెంటినీ కలిపి చేయవలసి వస్తే కెఫీన్ ఇంకా త్వరగా తగ్గించాలి.

ఆ రోజులు ఎలా ఉంటాయి

కెఫీన్ మానిన 12 నుంచి 24 గంటల్లో లక్షణాలు మొదలై, మొదటి రెండు రోజుల్లో బాగా ముదిరి, రెండు నుంచి తొమ్మిది రోజుల్లో తగ్గుతాయి. నెమ్మదిగా తగ్గించేవారికి ఇవే లక్షణాలు చాలా పలుచగా వస్తాయి.

రెండో రోజు మధ్యాహ్నం తలంతా బరువెక్కి, గుండె కొట్టుకున్నట్లే నరాలు కొట్టుకుంటుంటాయి. వంగితే ఎక్కువవుతుంది. ఇన్నాళ్లూ కెఫీన్ కుదించి ఉంచిన మెదడు రక్తనాళాలు వెడల్పవడం దీనికి ఒక కారణం. కళ్ల ముందున్న వాక్యం మూడుసార్లు చదివినా ఎక్కదు. పక్కవారు మామూలుగా అడిగిన ప్రశ్నకు కసురుకుంటారు. కొందరికి వికారం, ఒళ్లునొప్పులు వచ్చి జ్వరం వస్తుందేమోననిపిస్తుంది. ఇవన్నీ వచ్చిపోయేవేనని ఇంట్లోవారికి ముందే చెప్పి ఉంచితే గొడవలు తగ్గుతాయి.

తలనొప్పికి ఏ మాత్ర వేసుకుంటారన్నది ఇక్కడ కీలకం. కెఫీన్ కలిసిన నొప్పి మాత్ర వేస్తే నొప్పి అద్భుతంగా పోతుంది, ఎందుకంటే మీరు మానాలనుకుంటున్న మందే మళ్లీ ఇచ్చారు. కెఫీన్ లేని పారాసిటమాల్ చాలు, అదీ తప్పనప్పుడే. నెలలో పది రోజులు, ఆపైన కలిపిన నొప్పి మాత్రలు నెలల తరబడి వాడితే ఆ మాత్రలే తలనొప్పికి కారణమవుతాయి.

ఆ రెండు మూడు రోజులు దూర ప్రయాణానికి వాహనం నడపవద్దు. యంత్రాల దగ్గర పనిచేసేవారు సెలవు పెట్టుకోవడం మంచిది. వేళకు భోజనం చేయండి, నీళ్లు తాగండి, పగటి వెలుగులో కొంతసేపు నడవండి. మధ్యాహ్నం ఇరవై నిమిషాలు పడుకోవచ్చు, అంతకు మించితే లేచాక ఇంకా మబ్బుగా ఉంటుంది. సాయంత్రం పడుకుంటే రాత్రి నిద్ర చెడుతుంది.

రాత్రి నిద్ర పట్టడం లేదని మద్యమో నిద్రమాత్రో అందుకోవడం ఈ దశలో జరిగే పెద్ద పొరపాటు. రాత్రి మత్తు దిగడానికి పొద్దున ఉత్తేజకం, ఉత్తేజకం దిగడానికి రాత్రి మత్తు అన్న చక్రం ఇలాగే మొదలవుతుంది. రోజూ ఒకే వేళకు లేవడం, నిద్ర రాకపోతే మంచం దిగి కాసేపు వేరే గదిలో కూర్చోవడం మొదట్లో కష్టంగా ఉన్నా ఫలితమిస్తాయి. వారాల తరబడి నిద్రలేమి వదలకపోతే దానికి మొదటి చికిత్సగా వైద్యులు సిఫార్సు చేసేది కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచనలను, అలవాట్లను మార్చే మాటల చికిత్స.

ఎఫెడ్రిన్, సూడోఎఫెడ్రిన్ వాడినవారికి

వీరికి పై పట్టిక యథాతథంగా పనికిరాదు. ఎంత వేగంగా తగ్గించాలో రక్తపోటు, గుండె పరిస్థితి చూసి డాక్టర్ నిర్ణయించాలి. కుంగుబాటు మందుల్లో ఎంఏఓ ఇన్హిబిటర్ల రకం వాడేవారు వీటిని అసలు ముట్టుకోకూడదు. ఆ మందు మానినా రెండు వారాల పాటు అదే నియమం. రక్తపోటు ప్రాణాంతకంగా పెరగవచ్చు.

ఆపాక వచ్చేది తలనొప్పి కన్నా నీరసం. పన్నెండు గంటలు పడుకున్నా చాలదు, ఆకలి విపరీతం, ఏ పనిలోనూ రుచి ఉండదు. కొన్ని రోజులు ఇలా గడిచి ఒంటికి ఓపిక వస్తుంది కానీ, మనసు తేరుకోవడానికి వారాలు పట్టవచ్చు. ఈ కాలంలో పరీక్షలు, కొత్త ఉద్యోగం వంటివి పెట్టుకోకుండా చూసుకోండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే అది మందు దిగుతున్న లక్షణమేలే అని కొట్టిపారేయకండి. ఆ గంటలోనే దగ్గరివారికి చెప్పి డాక్టర్‌కో ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్‌కో ఫోన్ చేయండి.

ఈ అలవాటును మాన్పించడానికే ఎఫ్‌డీఏ ఆమోదించిన మాత్ర ఇంతవరకు ఏదీ లేదు. కౌన్సెలింగు, మానిన ప్రతి వారానికీ చిన్న బహుమతి ఇచ్చే ప్రోత్సాహక పద్ధతి ఉత్తేజకాల విషయంలో మంచి ఫలితాలిచ్చాయి. "ఉత్తేజకాల బదులు సహజమైనది" అని అమ్మే మరో పొట్లం కొనుక్కోవద్దు.

ఇల్లు, బ్యాగు, దుకాణం

తగ్గింపుకు సరిపడా వారం సరుకు మాత్రమే దగ్గర ఉంచుకోండి. మిగతాది ఇంకొకరికి ఇవ్వండి, వారం వారం వారే లెక్కపెట్టి ఇస్తే మరీ మంచిది. బ్యాగు జేబులో, ఆఫీసు సొరుగులో, కారులో దాచినవి వెతికి తీయండి. "అత్యవసరానికి ఒకటి" అని ఉంచుకున్న మాత్ర అత్యవసరాన్ని తానే సృష్టిస్తుంది. మీరు ఎప్పుడూ కొనే ఫార్మసిస్టుకు విషయం చెప్పడానికి సిగ్గుపడకండి. ఇలాంటివి వారు రోజూ చూస్తారు, మీకు అమ్మవద్దని కూడా వారిని అడగవచ్చు.

సున్నాకు వచ్చాక కాఫీ, టీ తాగవచ్చా? కెఫీన్ ఒక్కటే అలవాటైనవారు మధ్యాహ్నం లోపు ఒకటి రెండు కప్పులకు పరిమితమై బాగానే ఉండగలరు. మాత్రలు, పొడుల వైపు మాత్రం మళ్లీ పోకూడదని నా అభిప్రాయం. కప్పు తాగడానికి సమయం పడుతుంది, మాత్ర మింగడానికి పట్టదు. ఎఫెడ్రిన్ కుటుంబానికి అలవాటు పడినవారికి "కొంచెం" అన్న మాటే పెట్టుకోవద్దు.

మధ్యలో తప్పితే

ఒక రోజు జారితే ఆ రోజు చిట్టాలో రాసి, మర్నాడు ఏ మెట్టు మీద ఉన్నారో అక్కడి నుంచే కొనసాగించండి. వారం పాపం అంతా మూట కట్టి మళ్లీ మొదటికి వెళ్లనక్కర్లేదు. ప్రమాదం వేరే చోట ఉంది. నెలల పాటు మానేసి, ఒత్తిడిలో ఒకనాడు పాత మోతాదునే ఒక్కసారిగా తీసుకోవడం. అప్పటికి ఒంటికి ఆ అలవాటు పోయి ఉంటుంది. ఒకప్పుడు మామూలుగా అనిపించిన నాలుగు మాత్రలు ఇప్పుడు గుండెను పరుగులు పెట్టిస్తాయి. మద్యంతో కలిపితే ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఉత్తేజకం తాగిన మత్తును తెలియనివ్వదు.

మళ్లీ జలుబు చేసినప్పుడు

సూడోఎఫెడ్రిన్ మానినవారు తిరిగి దానికి చిక్కడానికి ఒక జలుబు చాలు. అందుకే ముందే ఏర్పాటు చేసుకోవాలి. జలుబు మందు అడిగేటప్పుడు "సూడోఎఫెడ్రిన్, ఎఫెడ్రిన్ లేనిది కావాలి" అని స్పష్టంగా చెప్పండి. బదులుగా ఫినైల్ఎఫ్రిన్ మాత్ర ఇస్తే దానికోసం డబ్బు దండగ. నోటి ద్వారా తీసుకునే ఫినైల్ఎఫ్రిన్ ముక్కుదిబ్బడకు పనిచేయదని ఎఫ్‌డీఏ నిపుణుల సంఘం 2023లో తేల్చింది, మరుసటి ఏడాది దాన్ని ఆ వాడకం నుంచి తొలగించాలని ఎఫ్‌డీఏ ప్రతిపాదించింది. ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం హాయినిస్తుంది, నీళ్లు మాత్రం మరిగించి చల్లార్చినవి లేదా డిస్టిల్డ్ నీళ్లు కావాలి. ఆక్సీమెటాజొలిన్ వంటి ముక్కు స్ప్రేలను మూడు రోజులకు మించి వాడితే ఆపగానే దిబ్బడ రెట్టింపై తిరిగి వస్తుంది. అలెర్జీ వల్ల ఏడాది పొడవునా ముక్కు దిబ్బడగా ఉండేవారు స్టెరాయిడ్ ముక్కు స్ప్రే గురించి డాక్టర్‌ను అడగండి. దాని పని తెలియడానికి కొన్ని రోజులు పడుతుంది, కాబట్టి ముక్కు పూర్తిగా మూసుకుపోయే దాకా ఆగకుండా ముందే మొదలుపెట్టాలి.